మూడో వాగు గట్టు మీద మనిషి

కిందటి వారం భాగంలో నన్ను నేను మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టి వదిలేశాను. ఇప్పుడే చదవడం మొదలుపెట్టినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి అక్కడినుంచే అందుకుంటాను. మా ఆఫీసు పని ఏడు వాగుల ఆరోగ్యం చూడడం. ఆ ఏడూ కలిసి కిందికి పోయి నది అవుతాయి. ఏటా ప్రతి వాగులోనూ దిగి, రాళ్లు ఎత్తి, వాటి అడుగున బతికే పురుగుల్ని వలలో పట్టి, స్పిరిట్ సీసాలో వేసి తెస్తాం. నీళ్లు చెడితే ముందు చచ్చేవి అవే. వాటిని లెక్కపెట్టి, మంచి, పర్వాలేదు, చెడు అని ప్రతి వాగుకూ ఒక మాట రాసి సంతకం పెట్టేది నేను. సీసాలు తెచ్చేది మా బావ. మా అక్క బతికున్నప్పుడు ఇద్దరూ కలిసి తెచ్చేవారు. మూడేళ్ల కిందట మూడో వాగులో నమూనా తీయడానికి ఒంటరిగా దిగి, జారిపడి, అక్క పోయింది. విచారణ కాగితంలో అలాగే ఉంది.

ఇక కిందటి వారం సంగతి. రిపోర్టు అట్ట మీదకి మంచి ఫొటో ఒకటి కావలసి వచ్చి పాతవన్నీ ముందేసుకున్నాను. ప్రతి సీసాలోనూ పెద్ద పురుగుని ఫొటో తీసి ఉంచడం మా అలవాటు. మూడో వాగు పురుగుకి మూడు తోకలుండాలి. ఈ ఏడాది వచ్చినదానికి రెండున్నర ఉన్నాయి, నడిమిది విరిగింది. ఎడమ కన్ను మీద తెల్ల మచ్చ. కిందటేడు ఫొటోలోనూ రెండున్నర తోకలు, తెల్ల మచ్చ. అంతకు ముందేడూ అంతే. ఇంకా వెనక్కి వెళ్తే అక్క పట్టిన ఆఖరి సీసాలో, నాలుగేళ్ల కిందట, అదే పురుగు కొత్తగా, నిగనిగలాడుతూ కనిపించింది. చచ్చి సీసాలో పడినది మళ్లీ వాగులోకి పోయి ఏడాదికోసారి పట్టుబడదు కదా. అక్క పట్టిన పురుగే ఏటేటా కొత్త లేబుల్ కట్టుకుని నా బల్ల మీదకి వస్తోంది.  ఎవరైనా ఉన్నారేమోనని వెనక్కి తిరిగి చూశాను, చెప్పుకోవడానికి సిగ్గు గానీ.

తెల్లవారి ఆఫీసు తెరవగానే సీసాల గదికి వెళ్లాను. ఆ గదికి కిటికీ లేదు. ఏడు వరసల అరలు, వాటి నిండా సీసాలు, లోపలికి అడుగు పెడితే ముక్కు మండించే స్పిరిట్ వాసన. బావ మూడో వరస ముందు పీట వేసుకుని పాత గుడ్డతో మూతలు తుడుస్తున్నాడు. కింది అరలో అక్క గమ్‌బూట్లు ఎప్పుడూ ఉండే చోటే ఉన్నాయి. వాటిని తీసెయ్యమని ఆయనకి ఎవరూ చెప్పలేదు, తీసెయ్యడానికి నాకూ చేతులు రాలేదు.

ఫొటోలు నాలుగూ ఆయన మోకాళ్ల మీద పరిచాను. "బావా, ఇవి చూసి చెప్పు."

ఒక్కదాన్నే చూశాడు. మిగతా మూడింటి మీదకి చూపు పోనివ్వలేదు. "పురుగులన్నీ ఒకేలా ఉంటాయి మరదలా. నాకైతే ఈమధ్య మనుషులు కూడా ఒకేలా కనిపిస్తున్నారు. కళ్లజోడు మార్చుకోవాలి."

"వేళాకోళాలు తర్వాత. ఎన్నాళ్లుగా చేస్తున్నావు ఇది?"

గుడ్డ మడత పెట్టాడు. మళ్లీ విప్పి మళ్లీ మడత పెట్టాడు. "మొదటినుంచీ," అన్నాడు.

"వాగు దగ్గరకే వెళ్లలేదా?"

"వెళ్తాను. వంతెన దాకా వెళ్లి బండి ఆపుతాను. దిగాలంటే కాళ్లు రావు. గంటసేపు కూర్చుని తిరిగొచ్చేస్తాను. వచ్చి మీ అక్క సీసా మూత తీసి, అందులోవి కొత్త సీసాలోకి మారుస్తాను."

నా కోపం చల్లబడాల్సింది. భార్య పోయిన చోట అడుగు పెట్టలేని మనిషి మీద ఎంతసేపు కోపంగా ఉండగలం? కానీ వచ్చే నెలనుంచి కింది పట్నం కుళాయిల్లోకి వచ్చేది మూడో వాగు నీళ్లే. ఆ వాగు ఎంచుకున్నది నా రిపోర్టులు చూసే. మంచి, మంచి, మంచి అని వరసగా రాసి ఉన్నాయి, ప్రతిదాని కింద నా సంతకం. ఈ ఏడాది రిపోర్టు ఇవాళ సాయంత్రం ఐదింటికల్లా మా పెద్దసారు బల్ల మీద ఉండాలి. ఆరు వాగుల గడులు నిండాయి. మూడోది ఒక్కటే ఖాళీ.

"వేలమంది తాగుతారు బావా ఆ నీళ్లు. మీ పాప కూడా తాగుతుంది."

"పాప తాగదు," అన్నాడు తల ఎత్తకుండా. "దాన్ని వచ్చే నెల మా అమ్మ దగ్గరికి పంపేస్తున్నాను. అక్కడ బడిలో వేస్తాం."

ఆ మాట చెవిన పడింది గానీ బుర్రలోకి ఎక్కలేదు. అప్పుడే ఎక్కి ఉంటే ఆ రోజు ఇంకోలా నడిచేదేమో. నేను మాత్రం వంగి అక్క గమ్‌బూట్లు అరలోంచి లాగాను. "లే. ఇప్పుడే వెళ్లి దిగుతున్నాం. నేను నీళ్లలో, నువ్వు గట్టు మీద."

"ఇంకెవర్నైనా తీసుకెళ్లు."

"ఇంకెవరొచ్చినా నీ సీసాల సంగతి బయటపడుతుంది. రేపటికి నీకు ఉద్యోగం ఉండదు. నాకు గట్టు మీద మనిషి కావాలి, అది నువ్వే."

గట్టు మీద మనిషి అంటే మా పనిలో పెద్ద మాట. వాగులో ఎవరూ ఒంటరిగా దిగకూడదు. ఒకరు దిగితే ఒకరు గట్టు మీద నిలబడాలి. గడియారం చూసి సమయం చెప్పాలి, లెక్క కాగితం మీద రాయాలి, దిగినవాళ్ల మీదనుంచి చూపు తిప్పకూడదు. చివర్లో కాగితం మీద ఇద్దరూ సంతకం పెట్టాలి. అక్క చావు తర్వాత విచారణకొచ్చినవాళ్లు అడిగిన మొదటి ప్రశ్న గట్టు మీద ఎవరున్నారని. ఎవరూ లేరని రాసుకున్నారు. ఆ రోజు బావ రెండో వాగు దగ్గరున్నానని చెప్పాడు. అన్నేళ్ల అనుభవం ఉన్న మనిషి ఒంటరిగా ఎందుకు దిగిందో ఎవరికీ అర్థం కాలేదు. తప్పు అక్కదేనని తేల్చేశారు.

బండిలో వంతెన దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. ఎండ నడినెత్తిన ఉంది. వాగు ఎంత బాగుందంటే, అడుగున ఇసుక రేణువులు కూడా లెక్కపెట్టొచ్చు. చూడడానికి వచ్చినవాళ్లెవరైనా దోసిట పట్టి తాగేస్తారు. నేను గమ్‌బూట్లు తొడుక్కున్నాను. అక్క పాదం నాకంటే పెద్దదని చిన్నప్పటినుంచీ అనుకునేదాన్ని, బూట్లు సరిగ్గా సరిపోయాయి. నాకు అది ఏమాత్రం నచ్చలేదు.

బావ బండి తలుపు పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

"అక్కడినుంచి నేనెలా కనబడతాను? గట్టు మీదకి రా."

వచ్చాడు. ఒక్కో అడుగూ ఎవరో వెనకనుంచి తోస్తే వేసినట్టు వేశాడు. నేను నీళ్లలోకి దిగాను. మోకాళ్ల దాకా వచ్చాయి. వల అడ్డం పెట్టి, దానికి ఎగువన ఉన్న రాయి ఎత్తి, అడుగు భాగాన్ని చేత్తో రుద్దాను. మంచి వాగులో రాయి అడుగున జిగురుగా తగులుతుంది, వేళ్ల మధ్య ఏదో ఒకటి గిలగిలలాడుతుంది. ఈ రాయి కడిగిన పళ్లెంలా నున్నగా ఉంది. రెండోది చూశాను. మూడోది చూశాను. నాచు లేదు, జిగురు లేదు, గుడ్లు లేవు.

పురుగుల్ని లెక్కపెట్టడంలో అక్కకి ఒక పిచ్చి ఉండేది. అందరిలా ఒకటి, రెండు, మూడు అనేది కాదు. ఒకడు, ఇద్దరు, ముగ్గురు అనేది. నవ్వితే, "వీళ్లు మనకంటే ముందునుంచీ ఉన్నవాళ్లే, మర్యాద ఇవ్వాలి," అనేది. వంగి నాలుగో రాయి ఎత్తుతుంటే ఆ గొంతు నా భుజం పక్కనే వినబడింది. 'ఒకడు' అనడం కోసం ఆగి ఎదురుచూస్తున్నట్టు, మాట మొదలుకాని ఊపిరి ఒక్కటే. నేను దెయ్యాల్ని నమ్మను. నమ్మకపోయినా నీళ్లలో నిలబడి గట్టిగా ఏడవాలనిపించింది.

"మూడు నిమిషాలు," అన్నాడు బావ గట్టు మీదనుంచి.

అలా ఐదు చోట్ల చేశాను. ఐదు చోట్లవీ తెచ్చి తెల్ల ట్రేలో వంచాను. ఇద్దరం మోకాళ్ల మీద కూర్చుని ట్రేలోకి వంగాం. ఇసుక, రెండు ఎండుటాకులు. ఇంకేమీ లేదు. ఆకు తిరగేశాను. ఇసుకని పుల్లతో కెలికాను. మంచి ఏడాదిలో ఇదే ట్రేలో రెండు వందలదాకా ఉండేవి, అక్క లెక్కపెట్టలేక విసుక్కునేది.

"ఆ రోజూ ఇంతే," అన్నాడు బావ. "ఆకులు కూడా లేవు."

"ఏ రోజు?"

ఆయన ట్రేలోకే చూస్తున్నాడు.

"బావా, ఏ రోజు?"

"మీ అక్క ఒంటరిగా రాలేదు. గట్టు మీద నేనున్నాను."

నేను ట్రే కింద పెట్టాను. నీళ్లు నా ఒళ్లోనే సగం ఒలికాయి.

"రెండో వాగు దగ్గరున్నానని అబద్ధం చెప్పాను," అన్నాడు. మూడేళ్లుగా ఎవరైనా అడిగితే చెబుదామని సిద్ధంగా ఉన్నట్టు గొంతులో తడబాటు లేదు. "ట్రేలో ఏమీ రాలేదు. మళ్లీ దిగింది. మళ్లీ ఏమీ లేవు. అప్పుడు ఇదిగో, ఇక్కడే కూర్చుని నీకు కాగితం రాసింది. ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. నేను విసురుగా లేచి బండి దగ్గరికి పోయాను. పది నిమిషాలు, అంతే. నేను లేనప్పుడు ఇంకొక్క రాయి చూద్దామని దిగినట్టుంది. తిరిగొచ్చేసరికి వల ఒక్కటే కనిపించింది."

ఆయన్ని కొట్టాలనిపించింది. పట్టుకుని ఏడవాలనీ అనిపించింది. ఏదీ చెయ్యలేదు. నోటికొచ్చింది మాత్రం ఆఫీసు ప్రశ్న. "వాగు చచ్చిపోయిందని మూడేళ్ల కిందటే తెలిసి, సీసాలు నింపావా? నా చేత దొంగ సంతకాలు పెట్టించావా?"

అప్పుడు తల ఎత్తి నా వైపు చూశాడు. ఆ చూపులో భయం ఉంటుందనుకున్నాను. ఆశ్చర్యం ఉంది.

"నీకు తెలుసు కదా," అన్నాడు.

"నాకేం తెలుసు?"

"మీ అక్క రాసిన కవరు నీ చేతికే ఇచ్చాను. ఖాళీ ట్రే లెక్క, దానితో పాటు ఉత్తరం. అక్కని సాగనంపి వచ్చిన మర్నాడు మీ ఇంటి వరండాలో నీ చేతిలో పెట్టాను. 'ఇది నీకు' అన్నాను. తీసుకున్నావు."

లెక్క మరీ తేడాగా వస్తే నోటితో చెప్పకుండా కాగితం మీద రాసి, కవర్లో పెట్టి, రిపోర్టు రాసేవాళ్లకి అందించడం మా పద్ధతే. ఆ వరండా నాకు గుర్తుంది. వచ్చేవాళ్లు, పోయేవాళ్లు, బల్ల మీద అక్క ఆఫీసు కాగితాల కట్ట. ఎవరేం ఇస్తున్నారో, ఏం తీసుకుంటున్నానో తెలిసే స్థితిలో లేను. ఎవరో ఏదో ఇచ్చారు. కట్ట మీద పెట్టాను.

"ఆ నెలే రిపోర్టు వచ్చింది," బావ అంటున్నాడు. "మూడో వాగు మంచిది అని రాశావు. చదివి కూడా అలా రాశావంటే, నా కోసమే రాశావనుకున్నాను. పాప కోసం. ఆ మర్నాటినుంచి నీ మొహం చూడాలంటే దణ్ణం పెట్టాలనిపించేది. ఆ పైఏడు నమూనాలు నేనే తేవాల్సి వచ్చింది. ఖాళీ సీసా తెస్తే నీ రిపోర్టు తప్పవుతుంది, నువ్వు దొరికిపోతావు. అందుకే నింపాను. నీ మాట నిలబెట్టాలనే నింపాను మరదలా."

నేను ఆ ఏడాది మంచిది అని రాసింది వేరే కారణానికి. మా పెద్దసారుకి ఆఫీసులో అందరూ పెట్టిన పేరు చుక్కల సారు. ఏదైనా వాగులో దిగడం కుదరకపోతే కిందటేడు మాటనే మళ్లీ రాసి పక్కన చుక్క పెట్టొచ్చని నియమం. ఆయనకి ప్రతి చిక్కుకీ అదే మందు. అక్క పోయిన నెలలో, "వాగు దగ్గరికి ఎవర్ని పంపుతాం తల్లీ, చుక్క పెట్టెయ్," అన్నాడు. పెట్టేశాను. ఆ చిన్న చుక్కని బావ క్షమాపణ అనుకున్నాడు, దాని మీద మూడేళ్లు అబద్ధాలు పేర్చాడు. ఆయన నేను మొయ్యమన్నాననుకుని మోస్తున్నాడు. నాకేమో ఆయన మోస్తున్నాడనే తెలియదు. ఒకే ఇంట్లో ఆదివారం ఆదివారం ఎదురెదురుగా కూర్చుని అన్నం తిన్నాం. పాప చదువు గురించి మాట్లాడుకున్నాం. ఒక్కసారి, ఒక్కరం నోరు విప్పి ఉంటే సరిపోయేది.

"నా కోసం రాశావనుకున్నాను అన్నావు," అడిగాను. "నీ కోసం ఎందుకు రాస్తాను? అందులో నీకేం సంబంధం?"

ఆయన గడియారం పెట్టెలో పెట్టే వంకతో అటు తిరిగాడు. "ఆ కవరు ఏం చేశావు?" అన్నాడు.

"విప్పలేదు. అక్క కాగితాలన్నీ కట్టగా తీసుకెళ్లి పెద్దసారు చేతిలో పెట్టాను."

ఆ మాట అన్నాక ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. జేబులో ఫోను మోగింది. పెద్దసారే.

"ఎక్కడున్నావమ్మా? ఆరు గడులు చూశాను, బాగున్నాయి. మూడోది ఖాళీగా పెట్టావు. టైము లేకపోతే ఉందిగా మన చుక్క."

"సార్, అక్క పోయినప్పుడు నేను మీకొక కాగితాల కట్ట ఇచ్చాను. అందులో నాకు రాసిన కవరొకటి ఉంది."

ఫోను పెట్టేశాడనుకున్నాను. తర్వాత కుర్చీ కిర్రుమన్న చప్పుడు వినిపించింది.

"ఉంది," అన్నాడు మెల్లగా. "నా బీరువాలోనే ఉంది. పారెయ్యడానికి మనసొప్పలేదమ్మా, ఆ పిల్ల చేతిరాత కదా. నీకివ్వాలని చాలాసార్లు అనుకున్నాను. ఇవాళ ఇచ్చేస్తాను. ఐదింటికి రిపోర్టు తీసుకుని రా. మూడో గడిలో కిందటేడు మాట, పక్కన చుక్క. అది నా బల్ల మీద పెట్టు, కవరు నీ చేతిలో పెడతాను. నువ్వు కాస్త ఆలోచించగల పిల్లవి."

ఆయన గొంతులో బెదిరింపు లేదు. ఇంట్లో పెద్దవాళ్లు బుజ్జగించినట్టే ఉంది. అందుకే ఇంకా భయం వేసింది.

నాకు ఆ ఉత్తరం కావాలి. ఎంత కావాలో ఇక్కడ రాయడానికి మాటలు చాలవు. అక్క మాట్లాడిన చివరి మాటలు అందులో ఉన్నాయి, అవి నాతో మాట్లాడినవి. మూడేళ్లుగా కలలో కూడా అక్క అటు తిరిగి ఉంటుంది గానీ మొహం చూపించదు. ఒక్క చుక్క పెడితే చాలు, సాయంత్రానికి నా చేతిలో ఉంటుంది. కలం తీసి లెక్క కాగితం మీద పెట్టి, కొంచెంసేపు అలాగే ఉండిపోయాను. పట్నం నిండా కుళాయిల కింద బిందెలు పెట్టుకుని నిలబడే ఆడవాళ్లు కళ్ల ముందు మెదిలారు. అందులో నాకు తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. తెలియకపోయినా తాగేది వాళ్లే కదా.

ఐదు చోట్ల ఐదు సున్నాలు రాశాను. వాగు స్థితి అన్న గడిలో చెడు అని రాశాను. నీళ్లలో దిగినవారు అన్నచోట సంతకం పెట్టి, కాగితం బావ వైపు తిప్పాను.

ఆయన చదివాడు. ఈ కాగితం ఆఫీసుకి చేరితే పాత సీసాలన్నీ బయటికొస్తాయని ఆయనకీ తెలుసు. గట్టు మీద ఉన్నవారు అన్నచోట సంతకం పెట్టాడు. తొందరపడకుండా, పూర్తి పేరు రాశాడు.

"ఇక ఆ ఉత్తరం నీకివ్వడు," అన్నాడు.

"తెలుసు."

"మొదటి ముక్క నాకు తెలుసు. రాసి నాకు చదివి వినిపించింది. దాని మీదే గొడవపడ్డాం. అది విని భరించలేకే లేచి బండి దగ్గరికి పోయాను. నీకు ఇవ్వకుండా చింపేద్దామనుకున్నాను, చేతకాలేదు." కలం నా చేతికి తిరిగిచ్చాడు. "చెప్పమంటావా?"

"చెప్పు బావా."

వాగు వైపు తిరిగి నిలబడ్డాడు. అక్క చదివితే ఎలా ఉండేదో అచ్చం అలాగే, తొందర లేకుండా, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు.

"'చెల్లీ, ఈ వాగు దానంతటది చావలేదు. మన ఆఫీసు గోదాంలో పాడైపోయిన పురుగుమందుల డ్రమ్ములు తెచ్చి ఎగువన గట్టులో పూడ్చిపెట్టారు. పూడ్చినవాళ్లలో మీ బావ ఉన్నాడు.'"